సున్నా దగ్గర బొడిపె

ప్రతి ఫిబ్రవరి ఎనిమిదిన జపాన్‌లోని సెందాయ్‌లో కుట్టుపని చేసే ఆడవాళ్ళం ఏడాదంతా విరిగిన, అరిగిన సూదులన్నీ పోగేసుకుని గుడికి వెళ్తాం. అక్కడ పళ్ళెంలో సోయా పాలతో చేసిన పెద్ద తోఫు దిమ్మ పెట్టి ఉంటుంది. ఇన్నాళ్ళూ గట్టి బట్టల్లో దూరి దూరి అలసిపోయిన సూదులను ఆ మెత్తని దిమ్మలో గుచ్చి, ఇక పడుకోండని దణ్ణం పెట్టి వస్తాం. మర్నాడు పూజారి మంత్రాలు చదివి ఆ దిమ్మను సూదులతో సహా గుడి వెనక పూడ్చిపెడతారు.

నా సూదులతోపాటు మా ఆయన ప్రయోగశాల సూదులు కూడా నేనే తీసుకెళ్తాను. అది వాళ్ళ ప్రొఫెసర్ ఒనోదెరా గారు పెట్టిన ఆచారం. ఆయన తల్లి ఇషినోమాకిలో కిమోనోలు కుట్టేవారట. పనిచేసిన సూదిని చెత్తబుట్టలో వేసినవాళ్ళ చేతులు వణుకుతాయని ఆవిడ చెప్పారట. ఒనోదెరా గారు జీవితమంతా భౌతికశాస్త్రంలో గడిపారు గానీ ఆ ఒక్క మాట మీద మాత్రం ప్రయోగం చేసి చూడలేదు.

వాళ్ళ సూదులకు బెజ్జం ఉండదు. ప్లాటినం తీగ చివరను ఏటవాలుగా కత్తిరిస్తే అదే సూది. దాన్ని నువ్వు గింజంత నల్ల స్ఫటికం మీదికి, తగిలీ తగలనట్టు దింపుతారు. రెంటికీ మధ్య ఉండేది కనపడని సన్నని పొర. ఎలక్ట్రాన్లు ఆ పొరను దాటడానికి దారేమీ ఉండదు. అయినా దాటుతాయి. మా పెళ్ళయిన కొత్తలో ఎలా దాటుతాయని మా ఆయన్ని అడిగితే, గోడకు సొరంగం లేకుండానే సొరంగంలోంచి వచ్చినట్టు వస్తాయని చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు గుడి నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనానికి కూరలు తరుగుతున్నాను. శనివారం కాబట్టి మా ఆయన తేజి ఒంటిపూటకే ఇంటికి వచ్చారు. కోటైనా విప్పకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళారు. సొరుగులు తెరుచుకోవడం, మూసుకోవడం వినిపించింది. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచారు.

"ఒరియె, ఈ బల్ల మీద రెండు ఫిల్మ్ డబ్బాలుండాలి."

"ఉండేవి."

"ఉండేవి అంటే?"

"పొద్దున గుడికి తీసుకెళ్ళాను కదండీ. ఇవాళ ఎనిమిది."

"తీసుకెళ్ళాల్సింది ఒకటి. పాత సూదులున్నది."

"రెండో దాంట్లో ఒక్కటే సూది ఉంది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది."

"కట్టింది నేనే!"

"మరింకేం? మా కుట్టు క్లాసులో సూదికి ఎర్ర దారం కట్టారంటే దాని పని అయిపోయినట్టు. ఎవరూ పొరపాటున తీసి వాడకుండా కడతాం."

ఆయన గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"మా ల్యాబులో ఎర్ర దారం కట్టామంటే, అది తప్ప ఇంకేదైనా ముట్టుకోవచ్చని."

"నాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అని ఆయన కోటుతోనే కింద కూర్చున్నారు. "విద్యార్థులు వాడేస్తారని భయపడి ల్యాబులోంచి ఇంటికి తెచ్చి దాచాను."

ఆ సూదితో ఏం పనో నాకు తెలుసు. నవంబరు నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు.

ఆ నల్ల స్ఫటికాన్ని ద్రవ హీలియంతో చల్లబరిస్తే అది అతివాహకం అవుతుంది. అప్పుడు లోపలి ఎలక్ట్రాన్లన్నీ జంటలు కడతాయి. సూది వైపు నుంచి ఒంటరిగా వచ్చిన దానికి లోపల చోటు దొరకదు. అందుకే వోల్టేజి సున్నాకు దగ్గరయ్యే కొద్దీ రాకపోకలు తగ్గి, కాగితం మీద గీత లోయలా కిందికి దిగాలి. పుస్తకాల్లో అలాగే దిగుతుంది. నవంబరులో ఒక సాయంత్రం మా ఆయన గీసిన గీత కూడా బుద్ధిగా దిగింది. తీరా సున్నా దగ్గరకు వచ్చేసరికి, లోయ మధ్యలో, తలకు దెబ్బ తగిలితే లేచినట్టు ఒక బొడిపె లేచింది. ఎవరూ రాకూడని చోట అందరికంటే ఎక్కువమంది వచ్చారన్నమాట.

ఒనోదెరా గారు కాగితం చూసి, "సూదికి మురికి పట్టింది," అన్నారు.

మురికి పట్టినా బొడిపె లేస్తుందట. సూది పొరను చీల్చుకుని లోపలికి దిగినా లేస్తుందట. ఆయన చదువుకునే రోజుల నుంచి అలాంటి బొడిపెలు చాలా చూశారట. సూది మార్చి చూడమన్నారు. డిసెంబరులో మా ఆయన కొత్త సూదితో కొలిచారు. బొడిపె లేదు. ఒనోదెరా గారు సరే అని టీ తాగడానికి వెళ్ళారు.

మా ఆయనకు మాత్రం సరే కాలేదు. అది మురికి కాదని ఆయన నమ్మకం. ఆధారమేమిటంటే, ఆ గీత చాలా అందంగా ఉందట. ఒనోదెరా గారు అందాన్ని ఆధారంగా తీసుకోరు. ఆయన మార్చి ఆఖరుకు ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఆ తర్వాత వచ్చే ప్రొఫెసర్ తన మనుషులను తనే తెచ్చుకుంటారు. పాత సహాయకుల్లో ఎవరినైనా ఉంచుకోవాలంటే వాళ్ళ చేతిలో చెప్పుకోదగ్గ పని ఉండాలి. మా ఆయన చేతిలో ఉన్నది ఆ బొడిపె ఒక్కటే. అది మురికి అయితే ఏప్రిల్లో ఆయన హచినోహెలోని పాలిటెక్నిక్‌కు వెళ్ళి, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు కరెంటు మోటార్లు చెప్పాలి. అక్కడ హీలియం రాదు. నేను అప్పటికే సామాన్లు సర్దడానికి సూపర్‌మార్కెట్ నుంచి అట్టపెట్టెలు అడిగి తెచ్చి మెట్ల కింద పెట్టాను. ఆయన వాటిని చూసినా చూడనట్టు పక్కనుంచి వెళ్ళేవారు.

ఫిబ్రవరిలో చివరిసారిగా పాత సూదితోనే కొలుస్తానని ఒనోదెరా గారిని ఒప్పించారు. బొడిపె తిరిగి వస్తే వ్యాసం రాసుకోవచ్చు, ఆయన సంతకం పెడతారు. రాకపోతే లేదు. ఆ పాత సూదే ఇప్పుడు తోఫులో పడుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గుడికి వెళ్ళాం. గేటు దగ్గర ఆయన ఆగిపోయారు.

"నేను సైకిల్ చూస్తుంటాను. నువ్వు వెళ్ళిరా."

లోపల షోజి బామ్మగారు ఒక్కరే ఉన్నారు. నాకు కుట్టు నేర్పింది ఆవిడే. సూదుల పండుగ జరిపించే ఆడవాళ్ళకు ఆవిడ పెద్ద. ఎనభై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తారు, చెవి మాత్రం కొంచెం మందం. తోఫు దిమ్మ పక్కన కూర్చుని, అది ఎక్కడికీ పోకుండా కాపలా కాస్తున్నట్టున్నారు. నేను సంగతి చెప్పాను.

"ఏమిటేమిటి? పడుకోబెట్టిన దాన్ని లేపుతావా?"

"దానికి ఒక్క పని మిగిలిపోయిందట బామ్మగారూ."

"అందరికీ మిగులుతుంది. మా ఆయన పోయేనాటికి ఇంటి కప్పు మీద మంచు తీసే పని మిగిలింది. నేను లేపానా?"

"లేపలేదు."

"మరి? ఇంతకీ ఏం పని దానికి?"

"ఒక బొడిపెను చూపించాలట."

"ఎక్కడ?"

"సున్నా దగ్గర."

బామ్మగారు నా ముఖంలోకి కాసేపు చూశారు.

"నీ మొగుడు వేళకు తింటున్నాడా?"

"తింటున్నారు."

"ఎక్కడున్నాడు?"

"గేటు దగ్గర. సైకిల్‌కు కాపలా."

"ఇంత మంచులో సైకిల్ ఎత్తుకుపోయేవాడెవడే!"

"ఎవరూ ఎత్తుకుపోరు. ఇక్కడంతా ఆడవాళ్ళుంటారని సిగ్గు."

"సూది కావాలి గానీ సూదిని అడగడానికి సిగ్గా? బాగుంది సంబడం!" ఆవిడ దిమ్మ వైపు తిరిగారు. తలలు పైకి పెట్టుకుని వందల సూదులు మెరుస్తున్నాయి. ఎర్ర దారాలే చాలా ఉన్నాయి. "వీటిలో నీ మొగుడిది ఏదో నువ్వు గుర్తుపట్టగలవా?"

"ఎర్ర దారం ఉండీ బెజ్జం లేనిది."

"బెజ్జం లేని సూది కూడా ఒక సూదేనా," అంటూనే ఆవిడ నడుము పట్టీలోంచి పట్టకారు తీసి ఇచ్చారు. "తియ్యి. కానీ ఒక మాట. వచ్చే ఏడు ఇదే రోజున దాన్ని తెచ్చి మళ్ళీ పడుకోబెట్టాలి. లేపినవాడే రావాలి. వచ్చి, నిద్ర చెడగొట్టినందుకు దానికి క్షమాపణ చెప్పుకోవాలి. నువ్వు కాదు, వాడు."

"చెప్తాను."

"నువ్వు చెప్పడం కాదే! వాడు చెప్పాలి."

సూదిని రుమాల్లో చుట్టుకుని వచ్చాను. దారిలో బామ్మగారు ఏమన్నారని మా ఆయన అడిగితే, వచ్చే ఏడు చెప్తానన్నాను.

తర్వాత హీలియం వచ్చిన రోజున ఆ సూదితో కొలిచారు. సాయంత్రం చెప్పులు విప్పుతున్న చప్పుడు వినగానే నాకు అర్థమైంది. బొడిపె లేచిన రోజైతే ఆయన చెప్పులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రోజు రెండూ పక్కపక్కన, గోడకు ఆనించి ఉన్నాయి.

"లేదా?"

"లోయ ఉంది. బొడిపె లేదు."

నేను లోపలికి వెళ్ళి మిసో చారు మళ్ళీ వేడిచేశాను. ఆయన తినేదాకా అట్టపెట్టెల సంగతి ఎత్తలేదు.

ఆ వారాంతానికి ఒనోదెరా గారు మా ఇంటికి భోజనానికి రావాల్సి ఉంది. భార్య పోయినప్పటి నుంచి ఏటా చలికాలంలో ఒక పూట మా ఇంట్లో సేరి ఆకు వేసిన బాతు కూర తినడం ఆయనకు అలవాటు. వేళ్ళతో సహా వేస్తేనే తింటారు. రావద్దని చెప్పే మార్గం లేదు. నేను సేరి వేళ్ళలో మట్టి పోయేదాకా పాత పళ్ళ బ్రష్‌తో కడిగాను. బల్ల మీద గ్యాసు పొయ్యి పెట్టి, మట్టి కుండలో బాతు మాంసం, ఉల్లికాడలు, తోఫు వేశాను. తోఫు వేయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, వేశాను.

ఒనోదెరా గారు సన్నగా, నిటారుగా ఉంటారు. నవ్వినా నవ్వకపోయినా ముఖం ఒకేలా ఉంటుంది. ముందు సేరి వేళ్ళను మెచ్చుకున్నారు. తర్వాత వాతావరణం. ఆ తర్వాత చాప్‌స్టిక్స్ కింద పెట్టి, మా ఆయన్ని ఎప్పటిలాగే ఇంటిపేరుతో పిలిచి అడిగారు.

"సూది అదే కదా, నుమాజావా?"

"అదేనండి."

"బొడిపె లేదు."

"లేదండి."

"అయితే నేను చెప్పిందే. అప్పుడు దానికి మురికి ఉండేది. ఇప్పుడు లేదు."

"ఆ మురికి ఎలా పోయిందండి?"

ఒనోదెరా గారు కుండలోంచి ఒక తోఫు ముక్కను పైకి తీసి, దీపం కాంతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఒక రాత్రి ఉంది కదా. ఇది కడిగేసింది. తోఫు గట్టిపడటానికి లవణాలు కలుపుతారు. నీళ్ళు ఉండనే ఉన్నాయి. లోహానికి ఇంతకంటే మంచి స్నానం లేదు."

"నేను దానికి ఒప్పుకోలేనండి."

"తోఫు ఒప్పుకుంది," అని ఆయన ఆ ముక్కను నోట్లో వేసుకున్నారు.

మా ఆయన తల వంచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గుడికి తీసుకెళ్ళింది నేను. గుచ్చింది నేను. అంటే హచినోహెకు మమ్మల్ని పంపిస్తున్నది నా తోఫు అన్నమాట! లేచి టీ పెట్టుకొచ్చి, యోకాన్ కోసి తెచ్చాను. ఎర్ర గింజల పిండిని చక్కెరతో ఇటుకలా గట్టిపరిచిన మిఠాయి అది. ఒమాచి వీధి అంగడిలో రెండు పెట్టెలు కొన్నాను. ఒకటి షోజి బామ్మగారికి, ఇంకొకటి ఈ పూటకు.

ఒనోదెరా గారు ఒక్క ముక్క తిని తలూపారు.

"ఒమాచిది కదా? ఆ అంగడి యోకాన్ బరువుగా ఉంటుంది. ఎవరికైనా క్షమాపణ చెప్పడానికి వెళ్తే దీన్నే తీసుకెళ్ళాలి. తేలిక పెట్టె పట్టుకెళ్తే అవతలివాళ్ళు నమ్మరు."

"నవంబరులో మేం తిన్నది కూడా ఆ అంగడిదేనండి," అన్నాను.

టీ తాగుతున్న మా ఆయన ఆగిపోయారు.

"మీరు తెచ్చారా అమ్మా?"

"ఈయన తెచ్చారు. స్టేషన్లో చవగ్గా ఇచ్చారన్నారు. పైన తెల్ల కాగితం చుట్టి, మా ఇంటిపేరు కుంచెతో రాయించి ఉంది."

"పేరు రాయించిన పెట్టెను ఎవరూ ఇంట్లో తినడానికి కొనుక్కోరు."

"నేనూ అదే అనుకున్నానండి. అయినా బాగుందని తిన్నాను."

ఒనోదెరా గారు మా ఆయన వైపు తిరిగారు.

"నుమాజావా. ఎవరికి కొన్నావు?"

"కుమగై గారికండి."

కుమగై గారు పక్క భవనం నేలమాళిగలో కొలిమిలు పెట్టుకుని ఆ నల్ల స్ఫటికాలను పెంచుతారు. ఒక్కొక్కటి పెరగడానికి వారాలు పడుతుంది. ఇచ్చేటప్పుడు బియ్యపు సారా తాగే చిన్న సాకే గిన్నెలో దూది వేసి, పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపుతారు. దాన్ని విరగ్గొట్టినవాళ్ళు మిఠాయి పెట్టె పట్టుకుని ఆ మెట్లు దిగాలి. ఒంటరిగా కాదు, తమ ప్రొఫెసర్‌ను వెంటబెట్టుకుని. ఇద్దరూ నడుం వంచాలి.

"విరగ్గొట్టావా?"

"పట్టకారు జారిందండి."

"నాకు చెప్పలేదు."

"అంతకుముందు ఏడాది వేరేవాళ్ళు విరగ్గొట్టినప్పుడు మీకు నడుం పట్టేసి ఉంది. అయినా మెట్లు దిగి వచ్చారు. అది గుర్తొచ్చి, నేనొక్కణ్ణే వెళ్దామని పెట్టె కొన్నానండి. నేలమాళిగ తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆయన ఎవరిమీదో అరుస్తున్నారు. వెనక్కి వచ్చేశాను."

"ఇది నవంబరులో ఎప్పుడు?"

"బొడిపె వచ్చిన రోజు పొద్దునండి."

కుండ పొంగింది. నేను పొయ్యి మంట తగ్గించాను. ఒనోదెరా గారు పంటి పుల్లను పళ్ళెం అంచుకు సమాంతరంగా సర్ది పెట్టారు.

"మరి ఆ రోజు కొలిచింది దేన్ని?"

"విరిగిన ముక్కనేనండి. కొత్తది అడిగితే పాతది ఏమైందని అడుగుతారని, పెద్ద ముక్కనే రాగి పీఠం మీద నిలబెట్టి అతికించాను. విరిగిన అంచు పైకి వచ్చింది."

"డిసెంబరులో?"

"అప్పటికి మన వంతు కొత్త స్ఫటికం వచ్చిందండి. మామూలుగా పడుకోబెట్టి అతికించాను. మొన్న కూడా అంతే. ఒకే కొలిమిలోవి కదా, కమాబోకో విరిగినంత మాత్రాన కమాబోకో కాకుండా పోతుందా అనుకున్నాను."

"చేపముద్దకు అది సరిపోతుంది," అన్నారు ఒనోదెరా గారు. "ఎలా విరిగింది? చూపించు."

మా ఆయన తన పళ్ళెంలో ముట్టుకోకుండా ఉన్న నలుచదరపు యోకాన్ ముక్కను తీసుకుని, పంటి పుల్లతో ఈ మూల నుంచి ఆ మూలకు కోశారు.

"ఇలా. ఐమూలగా."

ఒనోదెరా గారు ఆ రెండు ముక్కలనూ చాలాసేపు చూశారు. తర్వాత ఒకటి తినేశారు.

"అంటే డిసెంబరులో నువ్వు సూదినీ మార్చావు, స్ఫటికాన్నీ మార్చావు. నాకు సూది సంగతి ఒకటే చెప్పావు."

"అవునండి."

"ఇన్నాళ్ళూ నేను సూదిని తిట్టాను."

"అవునండి."

"ఈ పూట తోఫును తిట్టాను." ఆయన కుండ వైపు తిరిగి, తల వంచారు. "క్షమించాలి."

నాకు చెప్పారేమోనని నేను కూడా వంగాను. ఆయన నన్ను చూడటం లేదు.

"పొద్దున ఇద్దరం కుమగై దగ్గరకు వెళ్దాం. తర్వాత కొలుద్దాం."

"ముందు ఆ పాత ముక్కను కొలిచి చూస్తేనండి? అది నా సొరుగులోనే ఉంది."

"వద్దు. కొలిచాక బొడిపె వచ్చిందనుకో, నీ ముఖం వెలిగిపోతుంది. వెలిగిపోయే ముఖంతో క్షమాపణ చెప్తే బాగుండదు." ఆయన లేచి మఫ్లర్ చుట్టుకున్నారు. "అమ్మా, ఇంకో పెట్టె ఏమైనా ఉందా? పొద్దున ఆ అంగడి తెరిచేది ఆలస్యంగా."

షోజి బామ్మగారి పెట్టెను ఇచ్చాను.

నేలమాళిగలో జరిగింది మా ఆయన తర్వాత చెప్పారు. ఒనోదెరా గారు వద్దంటే వినకుండా నడుం పూర్తిగా వంచారట. కుమగై గారు పెట్టెను అరచేతిలో పెట్టుకుని బరువు చూశారట.

"నవంబరులో విరిగితే ఫిబ్రవరిలో వస్తారా?"

"అప్పుడే ఒకటి తెచ్చానండి. తలుపు దాకా వచ్చాను. తర్వాత ఇంట్లో తినేశాం."

"బాగుందా?"

"బాగుందండి."

"వెధవ బుద్ధి," అన్నారట కుమగై గారు. ఆయనకు అది సగం క్షమించినట్టే.

"ఇంకొక మాటండి," అన్నారట మా ఆయన. "ఇంకో స్ఫటికం కావాలి. దాన్ని కూడా విరగ్గొట్టాలి. అదే వాలులో."

కుమగై గారు పెట్టెను బల్ల మీద పెట్టారట.

"విరిగిందని ఏడుస్తూ వచ్చినవాళ్ళను చూశాను. విరగ్గొడతానని అడగడానికి వచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. ఒనోదెరా గారూ, వీడికి బాగానే ఉందా?"

"ఇవాళే బాగుంది," అన్నారట ఒనోదెరా గారు.

కుమగై గారు సాకే గిన్నె తెచ్చి, మా ఆయన చేతిలో పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారట. "నువ్వు వద్దు. పెంచింది నేను," అని తనే అంచును బ్లేడుతో గీసి, తల పక్కకు తిప్పుకుని విరిచారట.

నవంబరు నాటి ముక్కనే ముందు కొలిచారు. కొత్త సూదితో బొడిపె లేచింది. ఎర్ర దారం సూదితో కూడా లేచింది. కుమగై గారు విరిచిన ముక్క మీదా లేచింది. అదే స్ఫటికాన్ని మామూలుగా పడుకోబెట్టి సూది దించితే, ఏ సూదికీ లేవలేదు. ఒనోదెరా గారు గీతలన్నీ బల్ల మీద పరుచుకుని, బంగారాన్ని అరగదీసి చూసినట్టు చూసి, "మురికికి దిక్కులు తెలియవు," అన్నారు. మా ఆయన ఆ రోజు చెప్పులు విప్పిన చోటు నాకు మర్నాటికి గానీ దొరకలేదు. ఒకటి గొడుగుల బుట్టలో ఉంది.

ఆ తర్వాత చాలా స్ఫటికాలు విరిగాయి. ప్రతి దానికీ యోకాన్ పెట్టె వెళ్ళింది. చివరికి కుమగై గారే కబురు చేశారు, డాక్టర్ చక్కెర తగ్గించమన్నాడు, ఇకమీదట ఉప్పు బిస్కెట్లు తెమ్మని.

వ్యాసం మార్చి నెలాఖరులోపు వెళ్ళింది. బొడిపె ఎందుకు లేస్తుందో మా ఆయనకు తెలియదు. ఒనోదెరా గారికీ తెలియదు. మా ఆయన చివర్లో "ఇంకా పరిశీలించాల్సి ఉంది" అని మర్యాదగా రాశారు. ఒనోదెరా గారు దాన్ని కొట్టేసి, "కారణం మాకు తెలియదు" అని రాయించి, సంతకం పెట్టి, తన బల్ల ఖాళీ చేశారు. బల్ల మీద ఆయన వదిలి వెళ్ళింది ఒక ఫిల్మ్ డబ్బా. అందులో అరిగిన సూదులు.

ఏప్రిల్లో కొత్త ప్రొఫెసర్ వచ్చారు. తన మనుషులను తెచ్చుకున్నారు. వచ్చిన వారానికి మా ఆయన్ని పిలిచారు.

"తెలియదని రాసింది మీరేనా?"

"ఒనోదెరా గారు రాయమన్నారండి."

"మీకు తెలుసా?"

"తెలియదండి."

"అయితే ఉండి తెలుసుకోండి," అన్నారట. హచినోహెకు వేరేవాళ్ళు వెళ్ళారు. మెట్ల కింద అట్టపెట్టెల్లో నేను ఉన్ని బట్టలు పెట్టాను.

తర్వాతి ఏళ్ళలో అక్కడా ఇక్కడా పనిచేసేవాళ్ళు ఆ బొడిపెకు కారణం కనిపెట్టారు. ఆ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు జంట కట్టే తీరు దిక్కును బట్టి మారుతుందట. ఐమూలగా వెళ్ళి తట్టినవాటికే ఆ చోటు తెరుచుకుంటుందట. కనిపెట్టింది మా ఆయన కాదు. ఆయన సంతోషంగా ఆ వ్యాసాలు తెచ్చుకుని చదివారు. అది తర్వాతి మాట.

మరుసటి ఏడు ఫిబ్రవరి ఎనిమిది రానే వచ్చింది. ముందు రోజు మా ఆయనకు బామ్మగారి షరతు చెప్పాను.

"క్షమాపణా? సూదికా?"

"ఆవిడ అంతే చెప్పారు. లేపినవాడే రావాలని."

"నేను లేపలేదే. నువ్వు కదా పట్టకారుతో తీసింది?"

"గేటు దగ్గర సైకిల్‌కు కాపలా ఉన్నది ఎవరు?"

పొద్దున నేను లేచేసరికి ఆయన పెళ్ళిళ్ళకు వేసుకునే నల్ల సూటు వేసుకుని, చేతిలో పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. పైన తెల్ల కాగితం, కుంచెతో రాసిన మా ఇంటిపేరు.

గుళ్ళో ఆడవాళ్ళ వరుస మెట్ల దాకా ఉంది. వరుసలో మగవారు ఆయన ఒక్కరే. ముందున్న వాళ్ళు తిరిగి చూసి, జరిగి చోటిచ్చారు. అది మర్యాదకో, దూరంగా ఉండటానికో తెలియలేదు. మా వంతు వచ్చింది. బామ్మగారు ఆయన్ని తల నుంచి కాలి దాకా చూశారు.

"సైకిల్ ఎవరు చూస్తున్నారు?"

"ఎవరూ లేరండి."

"మంచిది. ఆ బొడిపె కనిపించిందా?"

"కనిపించిందండి."

"ఇది చూపించిందా?"

"లేదండి. దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది ఏ తప్పూ చేయలేదు. ఆ స్ఫటికాన్ని విరగ్గొట్టింది నేను. చెప్పకుండా దాచింది నేను. అందరం కలిసి దీన్ని మురికిదన్నాం."

బామ్మగారు చేతిని చెవి వెనక పెట్టుకున్నారు.

"నాకు కాదు నాయనా. దానికి చెప్పు. గట్టిగా."

మా ఆయన ఎర్ర దారం సూదిని తోఫులో నెమ్మదిగా, నిటారుగా గుచ్చారు. ఒక అడుగు వెనక్కి వేశారు. కుమగై గారి ముందు వంగినంత వంగి, "నిన్ను అనవసరంగా అనుమానించాం, క్షమించు," అని మెట్ల దాకా వినపడేలా చెప్పారు. వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు.

ఆయన లేచి, రెండు చేతులతో పెట్టెను దిమ్మ ముందు పెట్టారు.

"ఇదేమిటి?" అన్నారు బామ్మగారు.

"యోకానండి. ఒమాచిది."

బామ్మగారు పెట్టెను ఎత్తి బరువు చూశారు. సూది వైపు చూశారు.

"సూది ఏం తింటుంది," అని పెట్టెను తన వెనక పెట్టుకున్నారు. "తర్వాత ఎవరు? రండి, రండి, మంచు పడుతోంది."